ఒక్క 18650 సెల్ నుంచి 5, 9, 12 వోల్ట్‌లు: బూస్ట్ మాడ్యూల్ సరిగ్గా కట్టే పద్ధతి

"అన్నా, సెల్ ఫుల్ చార్జింగే. బూస్ట్ బోర్డు మీటర్లో 5 వోల్ట్‌లు చూపిస్తోంది. ఈఎస్‌పీ32 వైఫై బోర్డు తగిలించగానే ఒకసారి వెలిగి ఆగిపోతోంది. మాడ్యూల్ పోయినట్టేనా?"

ఈ ప్రశ్న రకరకాల రూపాల్లో వస్తూనే ఉంది. నూటికి తొంభైసార్లు మాడ్యూల్ బాగానే ఉంటుంది, తేడా సెల్‌కీ మాడ్యూల్‌కీ మధ్య ఉన్న జానెడు వైర్లో ఉంటుంది. అందుకే మొదటి లెక్క నుంచి చివరి సోల్డర్ దాకా వరసగా రాస్తున్నా. తీసుకున్న ఉదాహరణ అందరి దగ్గరా ఉండేదే: ఒక 18650 లిథియం సెల్, టీపీ4056 చార్జింగ్ బోర్డు, ఎంటీ3608 బూస్ట్ మాడ్యూల్, అంటే వోల్టేజి పెంచే చిన్న బోర్డు. వరస మార్చకండి. ముఖ్యంగా ఆరో అంకె (కింద 6 అని ఉన్న భాగం) పూర్తికాకుండా మీ అసలు సర్క్యూట్‌ని దగ్గరికి కూడా తేవద్దు.

## 1. ముందు కాగితం మీద లెక్క

బూస్ట్ మాడ్యూల్ పవర్ పుట్టించదు. వోల్టేజి పెంచినంత మేర సెల్ నుంచి ఎక్కువ ఆంప్‌లు లాగుతుంది, పైగా తన కమిషన్ తీసుకుంటుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మనం ఇంట్లో "కరెంటు" అనే ఒక్క మాటతో అన్నిటినీ కలిపేస్తాం కాబట్టి, "12 వోల్ట్‌లు వస్తున్నాయిగా, అర ఆంప్ ఎందుకు రాదు" అనిపిస్తుంది.

లెక్క మూడు మెట్లు:

- మీ సర్క్యూట్‌కి కావలసిన వోల్ట్‌లని ఆంప్‌లతో గుణించండి. అవి వాట్లు.
- ఆ వాట్లని 0.85తో భాగించండి. 12 వోల్ట్‌లకి పెంచుతుంటే 0.8తో. ఇది మాడ్యూల్ కమిషన్.
- వచ్చినదాన్ని 3.3తో భాగించండి. సెల్ నుంచి లాగే ఆంప్‌లు వస్తాయి.

సెల్ మీద 3.7 అని రాసి ఉంటే 3.3 ఎందుకు? సెల్ నిండా ఉన్నప్పుడు 4.2 వోల్ట్‌లు, అయిపోవస్తున్నప్పుడు 3.3, ఇంకా కిందికి. సర్క్యూట్ అప్పుడు కూడా నడవాలి కదా.

మూడు ఉదాహరణలు చూడండి. 5 వోల్ట్‌ల దగ్గర 0.3 ఆంప్ అంటే 1.5 వాట్లు. 0.85తో భాగిస్తే 1.76, 3.3తో భాగిస్తే సెల్ వైపు సుమారు 0.53 ఆంప్. హాయిగా నడుస్తుంది. 9 వోల్ట్‌ల దగ్గర 0.1 ఆంప్ అయితే సెల్ వైపు 0.32 ఆంప్. దానికీ ఢోకా లేదు. 12 వోల్ట్‌ల దగ్గర 0.5 ఆంప్ అంటే 6 వాట్లు, సెల్ వైపు దాదాపు 2.3 ఆంప్‌లు. ఇది వద్దు.

ఎంటీ3608 చిప్ లోపలి స్విచ్ పరిమితి 4 ఆంప్‌లు, మాడ్యూల్‌ని "2 ఆంప్‌లు" అని అమ్ముతారు. ఆ అంకె చూసి 12 వోల్ట్‌ల దగ్గర 2 ఆంప్‌లు వస్తాయనుకుంటే అది 24 వాట్లు. అగ్గిపెట్టె కన్నా చిన్న బోర్డు నుంచి అంత రాదు. నా లెక్కలో సెల్ వైపు 1.5 ఆంప్‌లే గట్టు. ఆ గట్టు లోపల బయటికి వచ్చేది ఇంత:

- 5 వోల్ట్‌ల దగ్గర సుమారు 0.8 ఆంప్
- 9 వోల్ట్‌ల దగ్గర సుమారు 0.45 ఆంప్
- 12 వోల్ట్‌ల దగ్గర సుమారు 0.33 ఆంప్

ఎంతసేపు నడుస్తుందో కూడా ఇప్పుడే చూసుకోండి. 2600 మిల్లీఆంప్ అవర్ సెల్‌ని 3.6 వోల్ట్‌లతో గుణిస్తే 9.4 వాట్ అవర్లు. కమిషన్ పోగా చేతికొచ్చేది 8. సర్క్యూట్ 1.5 వాట్లు తింటే అయిదు గంటలు. 2600ని 300తో భాగించి "దాదాపు తొమ్మిది గంటలు" అనుకునేవాళ్ళకి ఇక్కడ నిరాశే. ఆ భాగహారం సెల్ వోల్టేజి దగ్గర చెల్లుతుంది గానీ, పెంచిన వోల్టేజి దగ్గర కాదు.

## 2. సరుకు

- 18650 సెల్ ఒకటి. 18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు, 45 గ్రాముల చుట్టుపక్కల బరువు. మీద "9900" అని రాసి ఉంటే అక్కడే పెట్టేసి రండి. ఈ సైజులో మామూలుగా దొరికేవి 2000 నుంచి 3500 దాకా. బరువు ముప్ఫై గ్రాములే ఉంటే లోపల ఏముందో అనుమానించాలి.
- టీపీ4056 బోర్డు, ప్రొటెక్షన్ (సెల్ మరీ ఖాళీ అవుతున్నా, షార్ట్ అయినా తెంపేసే ఏర్పాటు) ఉన్న రకం. గుర్తుపట్టడం తేలిక: సెల్ కోసం బీ ప్లస్, బీ మైనస్, వాటి పక్కనే ఔట్ ప్లస్, ఔట్ మైనస్ అని మొత్తం నాలుగు రంధ్రాలు ఉండాలి. రెండే ఉంటే ప్రొటెక్షన్ లేనట్టు.
- ఎంటీ3608 మాడ్యూల్. రెండు తీసుకోండి. ఖరీదు టీ, సమోసా స్థాయిదే, ఒకటి నేర్చుకోవడానికి పోతుంది.
- సెల్ హోల్డర్. సన్నని స్ప్రింగు ఉన్నది కాకుండా రేకు పట్టీ ఉన్నది.
- 470 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. 5 వోల్ట్‌లకైతే 16 వోల్ట్ రకం, 9, 12కైతే 25 వోల్ట్ రకం.
- 104 అని రాసి ఉన్న సిరామిక్ కెపాసిటర్ ఒకటి, 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి.
- 10 ఓమ్‌లు 5 వాట్ల తెల్ల సిమెంట్ రెసిస్టర్. 9 వోల్ట్‌లకి 100 ఓమ్‌లది, 12కి 47 ఓమ్‌లది, అవీ 5 వాట్లవే.
- 2 ఆంప్‌ల ఫ్యూజు, స్విచ్, కాస్త మందమైన వైరు, మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒక్క చక్కర్లో దొరుకుతాయి. ఇంకెక్కడున్నా ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు. సెల్ మాత్రం చేతిలో పట్టుకుని, మీటర్ పెట్టి చూసి కొనడం మేలు.

## 3. సెల్‌ని పరీక్షించడం

కొత్తదైనా, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిందైనా ముందు వోల్టేజి చూడండి. కొత్త సెల్ సాధారణంగా 3.5, 3.7 మధ్య వస్తుంది. పాత సెల్ 2.5కి దిగి ఉంటే అనుమానం, 2 కన్నా దిగితే చెత్త. దాన్ని బతికించే ట్రిక్కులు వీడియోల్లో కనిపిస్తాయి, జోలికి పోకండి. లోతుగా ఖాళీ అయిన లిథియం సెల్ లోపల రాగి కరిగి, మళ్ళీ చార్జ్ చేసినప్పుడు షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

నిండా చార్జ్ చేసి రెండు రోజులు పక్కన పెట్టండి. 4.2 నుంచి 4.15 దగ్గర నిలబడితే మంచిది. 4.0 కిందికి జారితే లోపల కారుతున్నట్టే. చార్జ్ అవుతున్నప్పుడు చేతికి వేడి తగిలే సెల్ కూడా వద్దు.

సెల్ కొసల మీద నేరుగా సోల్డర్ పెట్టకండి. ప్లస్ మూత కింద ప్లాస్టిక్ సీలు, గ్యాస్ పోయే ఏర్పాటు ఉంటాయి, ఐరన్ వేడికి అవి దెబ్బతింటాయి. హోల్డరో, నికెల్ పట్టీ వెల్డ్ చేసిన సెల్లో వాడండి.

## 4. చార్జింగ్ బోర్డు కలపడం

సెల్ ప్లస్‌ని బీ ప్లస్‌కి, మైనస్‌ని బీ మైనస్‌కి. ముందు హోల్డర్‌ని సోల్డర్ చేసి, సెల్ ఆఖర్న పెట్టండి. తిప్పి పెడితే బోర్డు పొగ వదులుతుంది, రెండో అవకాశం ఇవ్వదు. హోల్డర్ మీద ప్లస్ గుర్తుని స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసుకోండి. నవ్వొచ్చినా రాసుకోండి.

సెల్ పెట్టగానే ఔట్ ప్లస్, ఔట్ మైనస్ మధ్య సున్నా చూపిస్తే కంగారుపడొద్దు. ప్రొటెక్షన్ చిప్ ఒక్కోసారి నిద్రలో ఉంటుంది. చార్జర్ వైరు గుచ్చి ఒక్క క్షణం ఉంచి తీసేస్తే లేస్తుంది.

ఈ బోర్డు 1 ఆంప్‌తో చార్జ్ చేస్తుంది. బోర్డు మీద ఉన్న 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ ఆ లెక్క తేలుస్తుంది: 1200ని కిలో ఓమ్‌లతో భాగిస్తే మిల్లీఆంప్‌లు. 18650కి 1 ఆంప్ సరిపోతుంది. 500 మిల్లీఆంప్ అవర్ ఉన్న బల్లపరుపు పౌచ్ సెల్ వాడుతుంటే మాత్రం ఆ రెసిస్టర్ తీసి 4.7 కిలో ఓమ్‌లది వెయ్యండి, 255 మిల్లీఆంప్‌లకి దిగుతుంది. చార్జింగ్‌లో బోర్డు వేడెక్కడం మామూలే. మిగులు వోల్టేజిని అది వేడిగానే వదిలించుకుంటుంది.

ఇకనుంచి మాడ్యూల్‌కి వెళ్ళే వైర్లు ఔట్ ప్లస్, ఔట్ మైనస్ నుంచే వెళ్ళాలి. బీ ప్లస్, బీ మైనస్ నుంచి తీస్తే ప్రొటెక్షన్‌ని దొడ్డిదారిన తప్పించినట్టు. సెల్ 2.5 వోల్ట్‌ల దగ్గర ఆగకుండా మాడ్యూల్ పీల్చేస్తుంది. ఎంటీ3608 2 వోల్ట్‌ల దాకా పనిచేస్తుంది కాబట్టి సెల్‌ని చంపేదాకా వదలదు.

చార్జింగ్ పెట్టి, అదే సమయంలో సర్క్యూట్ నడపొద్దు. కరెంటు పదో వంతుకి, అంటే 100 మిల్లీఆంప్‌లకి తగ్గినప్పుడే చార్జింగ్ అయిపోయిందని చిప్ గుర్తిస్తుంది. మీ సర్క్యూట్ అంతకన్నా ఎక్కువ లాగుతుంటే అది ఎప్పటికీ "అయిపోయింది" అనుకోదు, సెల్ రోజంతా 4.2 దగ్గర వేలాడుతుంది.

## 5. వోల్టేజి సెట్ చేయడం

నేను కాల్చిన మొదటి ఆర్డుయినో నానో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) ఈ మెట్టు దాటేసినందుకే పోయింది. "5కి సెట్ చేసే ఉంటుందిలే" అనుకుని కొత్త మాడ్యూల్‌కి నేరుగా తగిలించాను. ఏమీ కాలేదు, వెలగలేదు కూడా. స్క్రూ తిప్పుతూ పోయాను. పది చుట్లయినా కదలిక లేదు. పదకొండో పన్నెండో చుట్టులో లైటు ఒక్కసారి తెల్లగా వెలిగి, ఉల్లిపాయ మాడిన వాసన వచ్చింది. మీటర్ పెట్టి చూస్తే 14 వోల్ట్‌లు. ఆ బోర్డు మీది చిప్ తట్టుకునేది 6.

సరైన వరస ఇది:

- మాడ్యూల్ వీఇన్ (లోపలికి వచ్చే వైపు) ప్లస్, వీఇన్ మైనస్‌లకి టీపీ4056 ఔట్ నుంచి వైర్లు. ప్లస్ దారిలో ఫ్యూజు, స్విచ్.
- వీఔట్ (బయటికి వచ్చే) వైపు మీటర్, దాంతోపాటు 1 కిలో ఓమ్ రెసిస్టర్. వేరే ఏదీ వద్దు.
- స్విచ్ వెయ్యండి. కొత్త మాడ్యూల్ చాలాసార్లు సెల్ వోల్టేజికి కాస్త తక్కువే చూపిస్తుంది. అది చెడిపోలేదు.
- నీలం పెట్టె మీది ఇత్తడి స్క్రూని గడియారానికి ఎదురు దిశలో తిప్పండి. పది, పదిహేను చుట్లు, ఒక్కోసారి ఇరవై దాకా ఏ మార్పూ ఉండదు. ఓపిక పట్టండి.
- అంకె కదలడం మొదలయ్యాక పావు చుట్టు, పావు చుట్టు తిప్పండి. అంత తిప్పినా కదలకపోతే రెండో దిశ చూడండి, కొన్ని మాడ్యూళ్ళు తిరగేసి ఉంటాయి.
- 5.0 వోల్ట్‌ల దగ్గర ఆపండి. స్విచ్ తీసి, వేసి, మళ్ళీ చూడండి. అదే అంకె రావాలి.

1 కిలో ఓమ్ రెసిస్టర్ ఎందుకంటారా? ఏ భారమూ లేకపోతే కెపాసిటర్లో నిలిచిన వోల్టేజి దిగడానికి టైం పడుతుంది. మీరు తగ్గించినా మీటర్ పాత అంకె చూపిస్తుంది, మీరు ఇంకా తగ్గిస్తారు. ఆ దోబూచులాట ఉండదు.

ఒక పరిమితి గుర్తుంచుకోండి: ఇది పెంచే యంత్రమే, దించలేదు. లోపలికి వచ్చేదానికన్నా తక్కువకి సెట్ చేద్దామంటే కుదరదు. కాయిల్, డయోడ్ గుండా సెల్ వోల్టేజి నేరుగా బయటికి వచ్చేస్తుంది. నిండా ఉన్న సెల్ నుంచి 3.3 వోల్ట్‌లు కావాలంటే ఈ మాడ్యూల్ పనికిరాదు. పెంచడం, దించడం రెండూ చేసే బక్-బూస్ట్ రకం మాడ్యూల్ తెచ్చుకోవాలి.

## 6. అసలు సర్క్యూట్ కన్నా ముందు రెసిస్టర్‌తో పరీక్ష

ఈ మెట్టుని దాదాపు అందరూ వదిలేస్తారు. పై ప్రశ్న అడిగిన తమ్ముడూ వదిలేశాడు.

5 వోల్ట్‌ల ఔట్‌పుట్‌కి 10 ఓమ్‌ల సిమెంట్ రెసిస్టర్ తగిలించండి. అది అర ఆంప్ లాగుతుంది, 2.5 వాట్ల వేడి పుడుతుంది. చేత్తో పట్టుకోకండి, పింగాణీ సాసర్లో పెట్టండి. ఇప్పుడు మూడు చోట్ల మీటర్ పెట్టి అంకెలు రాసుకోండి:

- సెల్ కొసల మీద, హోల్డర్ రేకుల మీద కాకుండా సెల్ లోహం మీదే
- మాడ్యూల్ వీఇన్ దగ్గర
- మాడ్యూల్ వీఔట్ దగ్గర

తమ్ముడి సెటప్‌ని నా బల్ల మీద పెట్టి కొలిచినప్పుడు సెల్ మీద 3.84, వీఇన్ దగ్గర 3.31. అర వోల్ట్ దారిలోనే మాయమైంది. దోషులు ఇద్దరు: హోల్డర్లోని సన్న స్ప్రింగు, బ్రెడ్‌బోర్డ్ జంపర్ వైర్లు.

బూస్ట్ మాడ్యూల్ విషయంలో ఇది మామూలు నష్టం కాదు, విషవలయం. వీఇన్ దగ్గర వోల్టేజి తగ్గేకొద్దీ, బయట అదే పవర్ ఇవ్వడానికి మాడ్యూల్ ఇంకా ఎక్కువ ఆంప్‌లు లాగుతుంది. ఎక్కువ లాగితే వైర్లో ఇంకా పడిపోతుంది. సన్న స్ట్రా పెట్టుకుని గట్టిగా పీల్చినట్టు. ఒక దశ దాటాక కుప్పకూలి, భారం పోగానే మళ్ళీ లేస్తుంది. మీకు బయటికి కనిపించేది "బ్లింక్ అయ్యి ఆగిపోతోంది".

రేకు హోల్డర్ వేసి, మందమైన వైర్లు పొట్టిగా కోసి సోల్డర్ చేశాక అవే అంకెలు 3.84, 3.74. అదే మాడ్యూల్, అదే సెల్. బోర్డు ఆగడం మానేసింది.

సెల్, వీఇన్ అంకెల మధ్య తేడా 0.2 వోల్ట్‌లు దాటకూడదు. దాటితే ముందుకి వెళ్ళొద్దు. వీఔట్ కూడా 4.9 కన్నా దిగకూడదు. అయిదు నిమిషాలు అలాగే ఉంచి మాడ్యూల్ చిప్‌ని, కాయిల్‌ని వేలితో తాకి చూడండి. వెచ్చగా ఉంటే సరే. వేలు మూడు సెకన్లు నిలవకపోతే మొదటి అంకెకి వెళ్ళి లెక్క మళ్ళీ చూసుకోండి.

9 వోల్ట్‌లకి 100 ఓమ్‌లు, 12కి 47 ఓమ్‌లు పెట్టి ఇదే పరీక్ష.

మీటర్‌ని ఆంప్‌లకి మార్చి సెల్ వైరు మధ్యలో పెట్టి కొలవాలనుకుంటే ఎర్ర తీగ 10 ఆంప్‌ల రంధ్రంలోనే ఉండాలి. మిల్లీఆంప్‌ల రంధ్రంలో పెడితే మీటర్ లోపలి ఫ్యూజు పోతుంది. పని అవగానే తీగని వోల్ట్‌ల రంధ్రంలోకి మార్చండి. మర్చిపోయి అలాగే సెల్ మీద పెడితే అది నేరుగా షార్ట్.

## 7. స్క్రూ తీసేసి రెసిస్టర్ వెయ్యడం

తాత్కాలిక ప్రయోగమైతే స్క్రూ మీద చుక్క నెయిల్ పాలిష్ వేసి వదిలేయొచ్చు. ఏళ్ళ తరబడి నడవాల్సిన వస్తువైతే ఆ నీలం పెట్టెని నేను నమ్మను, కారణం ఉంది.

చిప్ తన ఫీడ్‌బ్యాక్ కాలు (ఔట్‌పుట్ ఎంతుందో చూసుకునే పిన్ను) దగ్గర 0.6 వోల్ట్ ఉండేలా చూసుకుంటుంది. వీఔట్ నుంచి ఆ కాలుకి మధ్య ఈ తిప్పుడు రెసిస్టర్, ఆ కాలు నుంచి గ్రౌండ్‌కి 2.2 కిలో ఓమ్‌లది ఉంటాయి. దుమ్మో, అదురో వల్ల తిప్పుడు రెసిస్టర్ లోపలి ముల్లు క్షణం సేపు అంటుకోకపోతే, ఫీడ్‌బ్యాక్ సున్నాకి పడుతుంది. "వోల్టేజి చాల్లేదు" అనుకుని చిప్ పైపైకి తోస్తుంది. మీ 5 వోల్ట్‌ల సర్క్యూట్‌కి ఆ ఒక్క క్షణం చాలు.

సూత్రం: ఔట్‌పుట్ = 0.6 × (1 + పై రెసిస్టర్ ÷ 2.2). కొట్లో సులువుగా దొరికే విలువలతో లెక్కగట్టి పెట్టాను. రెండేసి రెసిస్టర్లని వరసగా కలపాలి:

- 5 వోల్ట్‌లకి: 15 కిలో ఓమ్ + 1 కిలో ఓమ్. వచ్చేది 4.96.
- 9 వోల్ట్‌లకి: 27 + 3.9. వచ్చేది 9.03.
- 12 వోల్ట్‌లకి: 39 + 2.7. వచ్చేది 11.97.

ముందుగా మీ బోర్డు మీది చిన్న రెసిస్టర్ 2.2 కిలో ఓమేనా చూడండి. దాని మీద 222 అనో 2201 అనో ఉంటుంది. వేరే విలువ ఉంటే సూత్రంలో 2.2 బదులు దాన్ని వేసి లెక్కగట్టుకోండి.

సెల్ తీసేసి, మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టండి. నీలం పెట్టె కాళ్ళలో వీఔట్ ప్లస్‌తో బీప్ వచ్చేది ఒకటి, 2.2 కిలో ఓమ్ రెసిస్టర్ పైకొసతో, అంటే గ్రౌండ్‌కి తగలని కొసతో, బీప్ వచ్చేది ఇంకొకటి. రెంటినీ గుర్తుపెట్టుకుని పెట్టెని ఊడదీయండి. కొత్త రెసిస్టర్ జంటని ఆ రెండు రంధ్రాల మధ్య వెయ్యండి. మళ్ళీ అయిదు, ఆరు అంకెల పరీక్షలు చెయ్యండి. ఇక్కడ బద్ధకిస్తే చేసిన పనంతా గాలికే.

## 8. అసలు సర్క్యూట్ తగిలించడం

470 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని మాడ్యూల్ పక్కన కాకుండా మీ సర్క్యూట్ పవర్ కాళ్ళకి ఆనుకుని వెయ్యండి. దాని పక్కనే 104 సిరామిక్. వైఫై బోర్డు సిగ్నల్ పంపే క్షణంలో గబుక్కున మింగే ఆంప్‌లు ఈ కెపాసిటర్ నుంచే రావాలి. ఎలక్ట్రోలిటిక్ మీద మైనస్ చార ఉన్న వైపు గ్రౌండ్‌కి.

ఆర్డుయినో నానో అయితే మన 5 వోల్ట్‌లు 5వీ పిన్నుకి ఇవ్వాలి. విన్ పిన్నుకి ఇస్తే లోపలి రెగ్యులేటర్ ఒక వోల్ట్ తినేసి బోర్డు నీరసంగా నడుస్తుంది. ఈఎస్‌పీ32 బోర్డుకి కూడా 5వీ పిన్నే. దానికి 3.3 వోల్ట్‌లు బోర్డు మీది రెగ్యులేటర్ చూసుకుంటుంది. 3.3 పిన్నుకి 5 ఇస్తే బోర్డు పోయినట్టే.

కోడ్ ఎక్కించడానికి యూఎస్‌బీ గుచ్చేముందు బూస్ట్ వైరు తీసేయండి. రెండూ ఒకేసారి ఉంటే ఒకదాని కరెంటు ఇంకోదాంట్లోకి ఎదురెక్కుతుంది.

స్విచ్ మాడ్యూల్ ముందే ఉండాలి, వెనక కాదు. వెనక పెడితే సర్క్యూట్ ఆగుతుంది గానీ మాడ్యూల్ ఊరికే మేస్తూ ఉంటుంది.

మొదటిసారి ఆన్ చేసే ముందు:

- మీటర్లో వీఔట్ సరిగ్గా ఉందా?
- ప్లస్, మైనస్ రెండుసార్లు చూశారా?
- ఔట్‌పుట్‌లో షార్ట్ లేదా? ఈ మాడ్యూల్‌కి ఔట్‌పుట్ షార్ట్ నుంచి రక్షణ లేదు. సెల్ నుంచి కాయిల్, డయోడ్ గుండా దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కాపాడేది ఫ్యూజు, టీపీ4056 బోర్డులే.
- సెల్ ఒరుసుకునే చోట లోహపు ముక్కలు, సోల్డర్ తునకలు లేవా?

## 9. తేడా వస్తే

సీరియల్ మానిటర్లో "బ్రౌనౌట్" (వోల్టేజి పడిపోయింది) అని వచ్చి రీసెట్ అవుతోంది. ఆరో అంకె. వైర్లు, హోల్డర్, తర్వాత కెపాసిటర్. కొత్త మాడ్యూల్ ఆఖరి మాట.

ఎంత తిప్పినా ఔట్‌పుట్ సెల్ వోల్టేజిని దాటట్లేదు. ఇరవై చుట్లు అయ్యాయా? అయ్యాక కూడా కదలకపోతే వీఇన్, వీఔట్ తారుమారు అయ్యాయేమో చూడండి. అవీ సరిగ్గా ఉంటే చిప్ పోయింది.

ఆడియో యాంప్లిఫయర్లో కూత, రేడియోలో గరగర. చిప్ సెకనుకి 12 లక్షల సార్లు తెరుచుకుని మూసుకుంటుంది, ఆ అల ఔట్‌పుట్‌లో మిగులుతుంది. మాడ్యూల్ తర్వాత ప్లస్ దారిలో 22 మైక్రోహెన్రీ కాయిల్, దాని తర్వాత 100 మైక్రోఫారడ్ పెడితే చాలావరకు తగ్గుతుంది. గ్రౌండ్ వైర్లన్నీ ఒక్క చోట కలపండి. సెన్సార్ రీడింగులు ఎగిరిపడుతున్నా ఇదే మందు.

రెండు నిమిషాలు నడిచి పూర్తిగా ఆగిపోయింది, సెల్ మీద 3.9 ఉంది. ప్రొటెక్షన్ తెగింది. ఎక్కడో గట్టిగా లాగుతోంది. చార్జర్ గుచ్చితే తిరిగి లేస్తుంది గానీ, అంత కరెంటు ఎక్కడికి పోతోందో వెతక్కుండా మళ్ళీ నడపకండి.

## 10. పెన్సిల్ సెల్, బటన్ సెల్ సంగతి

రెండు పెన్సిల్ సెల్స్ వరసగా పెడితే 3 వోల్ట్‌లు. ఇదే మాడ్యూల్‌తో 5కి పెంచి 100, 150 మిల్లీఆంప్‌ల దాకా లాగొచ్చు. ఆల్కలైన్ కన్నా రీచార్జబుల్ నికెల్ సెల్ మేలు. 1.2 వోల్ట్‌లే అయినా లోపలి నిరోధం తక్కువ, భారం పడ్డప్పుడు నిలబడుతుంది.

ఒక్క పెన్సిల్ సెల్ 1.5 వోల్ట్‌లే, ఎంటీ3608 లేవదు. తెల్ల ఎల్‌ఈడీ ఒక్కటి వెలిగించాలంటే జూల్ థీఫ్ సర్క్యూట్ చాలు: పాత సీఎఫ్‌ఎల్ బల్బులోంచి తీసిన ఫెర్రైట్ రింగు మీద రెండు తీగలు కలిపి పది పన్నెండు చుట్లు, ఒక 2ఎన్2222 ట్రాన్సిస్టర్, 1 కిలో ఓమ్. వెలగకపోతే ఒక తీగ కొసల్ని తారుమారు చెయ్యండి, తప్పు దాదాపు ఎప్పుడూ అక్కడే. దానితో మైక్రోకంట్రోలర్ నడపాలని చూడకండి, వోల్టేజికి అదుపు ఉండదు.

సీఆర్2032 బటన్ సెల్‌ని బూస్ట్ చెయ్యొద్దు. లోపల 220 మిల్లీఆంప్ అవర్ల చుట్టుపక్కల ఉన్నా, పదుల మిల్లీఆంప్‌లు అడిగితే కూలబడుతుంది.

## 11. "వైఫై రౌటర్‌కి కట్టుకోవచ్చా?"

కరెంటు పోయినప్పుడు రౌటర్ నడపాలని ఈ దారి పట్టేవాళ్ళే ఎక్కువ. 12 వోల్ట్‌ల రౌటర్ అర ఆంప్ చుట్టూ లాగుతుంది. మొదటి అంకెలోని లెక్క ప్రకారం సెల్ వైపు 2.3 ఆంప్‌లు. ఒక సెల్, ఒక ఎంటీ3608తో పది నిమిషాలు నడిచి వేడెక్కి మొరాయిస్తుంది.

పెద్ద మాడ్యూల్ కదా అని ఎక్స్‌ఎల్6009 తెచ్చుకోకండి. అది కనీసం 5 వోల్ట్‌లు అడిగే చిప్, ఒక్క సెల్‌తో కుదురుగా నడవదు. దీనికి మూడు సెల్స్ వరసగా పెట్టి, మూడు సెల్స్ బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే) బోర్డు వేసి కట్టడమే పద్ధతి, అది వేరే పని. తొందరైతే రెడీమేడ్ రౌటర్ యూపీఎస్ కొనేయండి. సొంతంగా కట్టడం ఎంత ఇష్టమున్నా, ఇంట్లో ఇరవైనాలుగు గంటలూ ప్లగ్గులో ఉండే వస్తువు విషయంలో నేను అదే చేశాను.

## 12. పక్కన పెట్టే ముందు

వాడకం లేనప్పుడు కూడా మాడ్యూల్ కొద్దిగా తింటుంది. స్విచ్ ఆన్‌లో ఉంచి, ఔట్‌పుట్ ఖాళీగా వదిలి, సెల్ వైరులో మిల్లీఆంప్‌లు కొలవండి. 2 మిల్లీఆంప్‌లు చూపిస్తే 2600 సెల్ రెండు నెలలు తిరక్కుండానే అడుగంటుతుంది. సెలవుల్లో ఊరెళ్ళి వచ్చేసరికి సెల్ చచ్చి ఉండడం వెనక కథ తరచూ ఇదే.

నెలల తరబడి దాచాలంటే సెల్‌ని 3.7, 3.8 వోల్ట్‌ల మధ్య ఉంచి, హోల్డర్లోంచి తీసి, కొసలకి టేపు వేసి, తాళాలూ నాణేలూ లేని ప్లాస్టిక్ డబ్బాలో విడిగా పెట్టండి. మాడ్యూల్ వెనక స్కెచ్ పెన్నుతో సెట్ చేసిన వోల్టేజి రాయండి. ఆర్నెల్ల తర్వాత డబ్బాలో ఒకేలాంటి నీలం బోర్డులు నాలుగు కనిపించినప్పుడు ఏది 5, ఏది 12 అని తడుముకోకుండా ఉంటుంది.